రెసిడెన్సీ బిడ్డల చిత్తరువు

హైదరాబాదునకు దక్షిణమున, మహేశ్వరము మండలములో, శంషాబాదు విమానాశ్రయమునకు తూర్పుగా రావిర్యాల యను గ్రామము కలదు. 2008లో విమానాశ్రయము తెరువబడిన పిదప, ఔటర్ రింగురోడ్డు ప్రక్కగా సాగిన పిదప, ఆ ప్రాంతపు ముఖమే మారిపోయినది. 2016లో అచ్చట నొక పెద్ద వినోదోద్యానముకూడ వెలసినది. పాఠశాలలో డ్రాయింగు మాష్టరుగా చిరకాలము పనిచేసి విశ్రాంతి గైకొన్న మా మిత్రుడొకరు ఆ గ్రామమున నివసించుచున్నారు. వారి కుమార్తె విదేశమున చదువుకొని అచ్చటి యువకునే వివాహమాడినది. సెలవులకు వచ్చిన ఆరేండ్ల మనుమడు, ఆ యింటి గోడమీద వ్రేలాడుచున్న ఒక పటమును చూపి, "తాతా, వీళ్లు మనోళ్లేనా?" అని యడిగినాడు. పటము అడుగున అచ్చయియున్న పేర్లు విలియము, కేథరిన్ అనునవి. పటములోని పిల్లలు ధరించినవో జరీ జామాలు, ముత్యాల దండలు, మొన తిరిగిన చెప్పులు. మిత్రుడు మా వంక చూచి, "చరిత్ర చెప్పెటోళ్లు మీరు గదా, మీరే చెప్పుండ్రి" అనిరి. అప్పటికి తోచినట్లు "ఆ, హైదరాబాదు పిల్లలే" అని చెప్పితిమి. "మరి పేర్లట్లున్నయేంది?" అని పిల్లవాడు మరల నడిగెను. దానికి మావద్ద సమాధానము లేకపోయెను. ఈ వ్యాసము ఆనాడు చెప్పలేకపోయినదానిని చెప్పుటకై చేసిన ప్రయత్నము.

ఆ పటము 1805లో మద్రాసునందు జార్జి చిన్నరీ యను ఆంగ్ల చిత్రకారుడు రచించిన తైలవర్ణ చిత్రమునకు ముద్రిత ప్రతి. అందలి బాలుడు సాహిబ్ ఆలం. బాలిక సాహిబ్ బేగం. వీరు హైదరాబాదులో ఆంగ్ల రెసిడెంటుగా నుండిన జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్కునకును, హైదరాబాదు సయ్యదు కుటుంబపు కన్య ఖైరున్నిసా బేగమునకును జన్మించినవారు. బాలుడు 1801 మార్చిలోను, బాలిక 1802 ఏప్రిలులోను జన్మించిరి. చిత్రరచన నాటికి ఒకరికి నాలుగేండ్లు నిండినవి, మరొకరికి మూడు. కొలది దినములలో వీరిరువురును ఇంగ్లండునకు ఓడ యెక్కిరి. మరల హైదరాబాదును చూడలేదు. కన్నతల్లిని చూడలేదు. తండ్రి ఆ సంవత్సరమే అక్టోబరు 15వ తేదీన కలకత్తాలో మరణించెను.

ఈ కథ చాలమందికి తెలిసినదే. విలియం డాల్రింపుల్ 2002లో ప్రకటించిన గ్రంథము వలన అది లోకమున విశేషముగా ప్రచారమైనది. అంతకు పూర్వము 1893లోనే, ఆ కుటుంబమునకు బంధువైన ఎడ్వర్డ్ స్ట్రాచీ ఒక ఆంగ్ల మాసపత్రికలో దీనిని వ్రాసియుండెను. అయితే చెప్పినవారందరును దీనిని ముఖ్యముగా ప్రణయకథగనే చెప్పిరి. చిత్రపటము ఆ కథకు చివరి యలంకారముగా మాత్రము నిలిచినది. మేము పటమునే ముందు పెట్టుకొని, అది యేమి చెప్పుచున్నదో, ఏమి చెప్పక దాచుచున్నదో పరిశీలింపదలచితిమి. మిశ్రమ వంశజుల చరిత్రలో దస్తావేజులు చెప్పని సంగతులను చిత్తరువులు చెప్పుట కలదని మా తలంపు. దస్తావేజు మనిషిని ఏదో యొక గడిలో వ్రాయవలసియుండును. చిత్రకారునకు ఆ నిర్బంధము లేదు.

పటమున మెట్లమీద ఇరువురు పిల్లలు నిలిచియున్నారు. వెనుక బ్రహ్మాండమైన స్తంభము, చీకటి క్రమ్మిన తెర. బాలుడు బంగరు జరీ అంచుగల ఎఱ్ఱని జామా తొడిగి, నడుమున పట్టు బిగించి, తలపై మెరయు టోపీ పెట్టి, మెడలో పెద్ద ముత్యాల పేరులు దాల్చి నేరుగా మనవైపు చూచుచున్నాడు. చెల్లెలి చూపు క్రిందికి వ్రాలినది. ఆమె దేహచ్ఛాయ అన్నకంటె తెలుపు. అన్నది తల్లి పోలిక, చెల్లెలిది తండ్రి పోలిక యని చూచువారి కెవరికైనను తోచును. ఆమె కన్నులు ఏడ్చినవానివలె నున్నవని పలువురు వ్రాసిరి. మాకును అట్లే కనబడినది గాని, ఆ తరువాతి కథ తెలిసినవాని కన్ను ఏడుపును తానే వెదకికొనునేమో యను శంక లేకపోలేదు.

ఇచ్చట గమనింపవలసినది ఒకటి కలదు. ఆ కాలపు ఐరోపావారు తూర్పుదేశపు దుస్తులు ధరించి చిత్తరువులు వ్రాయించుకొనుట ఒక వేడుక. లండనులో కూర్చుండి తలపాగా చుట్టుకొని పటము వ్రాయించుకొన్న దొరలు, దొరసానులు ఎందరో కలరు. అది వేషము. ఈ పిల్లలది వేషము గాదు. వారు పుట్టిననాటినుండి అంతఃపురమున ధరించినవి ఆ దుస్తులే, మాటలాడినది అక్కడి మాటయే. వేషమైనది వెనుకనున్న స్తంభమును, తెరయును. రేనాల్డ్స్ మొదలైన ఆంగ్ల చిత్రకారులు ప్రభువుల పటములకు వాడుకచేసిన సామగ్రి యది. చిన్నరీ ఆ సామగ్రిని మద్రాసునకు వెంట దెచ్చుకొని, ఏ దొర వచ్చినను వాని వెనుక నిలుపుచుండెను. ఈ పిల్లల వెనుకను దానినే నిలిపెను. తమ బట్టలతో, తమవి గాని మెట్లమీద నిలిచిన పిల్లలు వీరు.

అదే కాలమున హైదరాబాదులో చిత్రకళ లేకపోలేదు. నిజాం అలీఖాను కొలువులో తజల్లీ అలీషా యను చిత్రకారుడు ప్రసిద్ధుడు. అతడు చరిత్రకారుడు, లిపిలేఖకుడు గూడ. వెంకటాచలమను మరియొక చిత్రకారుడు ఆ దర్బారువారి ఊరేగింపులను, వేటలను చిత్రించెను. అతని పేరే దక్షిణాదివాడని చెప్పుచున్నది. ఈ దర్బారు చిత్రములలో మనుష్యుడు సామాన్యముగా ఒక ప్రక్కనుండి చూపబడును. అతడెవడో తెలియుట ముఖకవళికలవలన గంటె కూర్చున్న చోటువలన, ఆయుధమువలన, తలపాగావలన, ప్రభువునకు ఎంత దూరమున నున్నాడనుదానివలన. వ్యక్తి యొకడు ఒంటరిగా, ఏ చోటును లేక, కన్నులతో మాత్రమే మాటలాడుట ఆ కళ కలవాటు గాదు. చిన్నరీ పటములోని పిల్లలకు కన్నులు కలవు గాని చోటు లేదు. వెంకటాచలము చిత్రించియున్నచో వీరు తాత ఒడిలోనో, తల్లి యింటి వసారాలోనో కూర్చుండియుందురని మే మూహించుచున్నాము. ఊహయే సుమా, అట్టి చిత్రము లేదు.

తండ్రిని గూర్చి కొంత చెప్పవలెను. జేమ్స్ కర్క్‌పాట్రిక్కు 1764లో మద్రాసునందు జన్మించెను. అన్న విలియము కర్క్‌పాట్రిక్కు తరువాత హైదరాబాదు రెసిడెన్సీ బాధ్యత వహించి, 1798లో నిజాముతో సైన్యసహకార సంధిని కుదిర్చి, అక్టోబరులో ఫ్రెంచివారి పటాలములను నిరాయుధములను గావించెను. కుంపిణీ రాజ్యమునకు అతడు చేసిన సేవ చిన్నది గాదు. నిజాము స్వాతంత్ర్యమునకు చేసిన హాని యును చిన్నది గాదు. ఈ సంగతిని ప్రణయకథ చెప్పువారు త్వరత్వరగా దాటిపోవుదురు. ఆ మనుష్యుడే పారశీకమున సంభాషించుచు, మొగలాయి దుస్తులు ధరించుచు, నిజాము ప్రసాదించిన హష్మత్ జంగ్ బిరుదముతో వ్యవహరింపబడుచు, ముసల్మానుగా మారి, ఖైరున్నిసాను 1800–1801 నడుమ వివాహమాడెను. ఆమె తాత బాఖర్ అలీఖాను, తల్లి షరఫున్నిసా. తరువాత దివానుగా నుండిన మీర్ ఆలం ఆమెకు దగ్గరి బంధువు. శంషాబాదునుండి నగరమునకు పోవు దారిలో కనబడు మీరాలం చెరువు ఆయన పేరిటిదే. కుటుంబము ఇరాను నుండి వచ్చిన సయ్యదులది. అనగా తల్లి వంశమే దక్కనుకు వచ్చి స్థిరపడినది. తండ్రి తెలుగు, అరవ దేశముల తీరమున పుట్టిన స్కాటులాండు వంశజుడు. శుద్ధమైన స్వదేశమొకటి, శుద్ధమైన విదేశమొకటి యని ఇచ్చట గీత గీచుట సులభము గాదు.

ఈ వివాహము గవర్నరు జనరలు వెల్లస్లీకి కోపకారణమైనది. విచారణలు జరిగినవి. కర్క్‌పాట్రిక్కు పదవి ఎట్లో నిలిచినది. ఈ విచారణలలో ప్రశ్న ప్రేమను గూర్చినది గాదు; రాజనీతిని గూర్చినది. రెసిడెంటు ఎవరివాడు?

మరి పిల్లలను నాలుగేండ్ల ప్రాయముననే సముద్రము దాటించుటకు కారణమేమి? దీనికి సమాధానము చిత్రమున లేదు, కుంపిణీ ఉత్తరువులలో నున్నది. 1786లో, కలకత్తా అనాథాశ్రమమందలి మిశ్రమ వంశపు పిల్లలను చదువునకై ఇంగ్లండునకు పంపరాదని నిషేధము వచ్చినది. 1791లో, తల్లిదండ్రులలో నొకరు భారతీయులైనవారికి కుంపిణీ సివిలు, సైనిక, నౌకా ఉద్యోగములు నిరాకరింపబడినవి. 1795లో, ఇరువైపుల ఐరోపా వంశము లేనివారు సైన్యమున చేరినను బాకాలూదువారుగా, గుఱ్ఱములకు లాడములు కొట్టువారుగా మాత్రమే యుండవలెనని విధించిరి. పదేండ్లలో మూడు ద్వారములు మూయబడినవి. ఈ దేశమున పెరిగినచో తన కుమారుడు తన పదవికి గాదు గదా, తన పటాలములో సిపాయి పనికైనను తగడని కర్క్‌పాట్రిక్కు ఎఱుగును. ఆ ఉత్తరువులను అమలుజరుపు ప్రభుత్వమునకు అతడే హైదరాబాదులో ప్రతినిధి. బిడ్డల మేనిరంగు తక్కువగా నున్నచో ఇంగ్లండులో నెగ్గుకొని రాగలరను ఆశ అప్పటి తండ్రుల లేఖలలో పలుచోట్ల కనబడుచుండును. ఇప్పుడు చదువుటకు కటువుగా నుండును గాని, వారికి అది వ్యవహారజ్ఞానము.

ఈ సందర్భమున మరియొక చిత్తరువును ప్రక్కన నుంచి చూడవలెను. అది 1785 ప్రాంతమున రచింపబడిన పామరు కుటుంబ చిత్రము. జోహాన్ జొఫానీ రచించెనని సామాన్యముగా చెప్పుదురు. ఫ్రాన్సెస్కో రెనాల్డీ రచించెనని వెనుక కొందరు తలచిరి. ప్రస్తుతము బ్రిటిషు లైబ్రరీలో నున్నది. అందు విలియము పామరు అను సైనికాధికారి ఎఱ్ఱకోటుతో కుర్చీపై కూర్చుండియున్నాడు. క్రింద, చిత్రమునకు నడుమ, అతని పత్ని ఫైజ్ బక్ష్ బేగము పసిబిడ్డ నెత్తుకొని యున్నది. చుట్టును పెద్దపిల్లలు, ఆమె తరపు స్త్రీలు, పరిచారికలు. చిత్రము పూర్తి కాలేదు. కొన్ని భాగములు గోధుమవర్ణపు పూతగనే మిగిలిపోయినవి. అయినను దాని నడిబొడ్డున నున్నది తల్లియే. ఆమె నగలు, ఆమె వస్త్రములు, ఆమె కూర్చున్న తీరు చిత్రమునకు ప్రాణము. కుర్చీమీది దొర ఆ కుటుంబమున చేరినవాడుగా కనబడునుగాని, దానిని కొనితెచ్చుకొన్నవాడుగా కనబడడు.

ఇరువది సంవత్సరముల వ్యవధిలో రెండు పటములు. మొదటిదానిలో తల్లి, తండ్రి, బిడ్డలు, ఆడబంధువులు, దాసీలు అందరును కలరు. రెండవదానిలో తల్లి లేదు, తండ్రి లేడు. పరాయి స్తంభము క్రింద ఇరువురు పసివారు. ఈ రెండిటి నడుమ కారన్‌వాలిసు ఉత్తరువులున్నవి. ఉత్తరువులవలననే చిత్రము మారినదని చెప్పుట తొందరపాటగును. ఖైరున్నిసా పరదా యందుండిన సయ్యదు వనిత. చిత్రము మద్రాసున జరిగినది. ఆమె హైదరాబాదుననే యుండెను. ఈ కారణములు చాలు. రెండు చిత్రములను బట్టి యుగధర్మమును నిర్ణయించు విమర్శకులను మేము మెచ్చుకొనము. కాని, తల్లి ఎందులకు ప్రయాణములో లేదను ప్రశ్న వేసినచో, మరల ఆ ఉత్తరువుల గుమ్మము కడకే వచ్చి నిలువవలసియుండును.

పామరు పటములోని పిల్లలలో నొకడు, తండ్రి పేరే గల విలియము పామరు, 1780లో జన్మించినవాడు. అతడు హైదరాబాదు చరిత్రలో మనకు బాగుగ తెలిసినవాడే. నిజాము సైన్యమున కొలువుచేసి, 1814లో విలియం పామర్ అండ్ కంపెనీ యను వడ్డివ్యాపార సంస్థను స్థాపించి, నిజాము ప్రభుత్వమునకు గొప్ప మొత్తములు అప్పిచ్చి, 1820లో వచ్చిన రెసిడెంటు మెట్కాఫునకు విరోధియై, కొలది సంవత్సరములలో దివాలా తీసెను. ఆ వడ్డీల భారము కడకు తెలంగాణపు రైతు నెత్తిననే పడినదని మరువరాదు. మిశ్రమ వంశజుడగుటవలన అతనికి జరిగిన అన్యాయము వేరు, అతని బ్యాంకు చేసిన అన్యాయము వేరు. మొదటిది రెండవదానిని కప్పిపుచ్చజాలదు. దివాలా పిదపను అతడు నగరమును విడువలేదు. 1867లో ఇచ్చటనే మరణించెను. అతని కుమార్తెను వివాహమాడిన మెడోస్ టెయిలరు నిజాము కొలువులో చేరి, థగ్గుల కథను, దక్కను చరిత్రాత్మక నవలలను వ్రాసి పేరుగాంచెను. ఆ విధముగా జొఫానీ చిత్రములోని బాలుడు ఇచ్చటనే ముదిసి యిచ్చటనే మట్టియయ్యెను. చిన్నరీ చిత్రములోని బాలుడు ఇచ్చట పుట్టి యెచ్చటనో మట్టియయ్యెను.

పరాయివానిని తనవానినిగ చేసికొను తీరు దక్కనుకు క్రొత్త గాదు. తెలుగు శాఖలవారికి దీనిని విస్తరించి చెప్పనక్కరలేదు. ఇబ్రహీం కుతుబుషా మన కవులకు మల్కిభరాముడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమిచ్చెను. ఆయన కొలువులోని అమీనుఖానునకు పొన్నికంటి తెలగన అచ్చతెలుగు యయాతిచరిత్రమును అంకితమిచ్చెను. ఫ్రెంచి సేనాని రేమండు 1798లో మరణించినపుడు, ముసల్మానులు అతనిని మూసా రహీమనిరి, హిందువులు మూసా రామనిరి. మూసారాంబాగు అను పేట పేరులో ఆ దొర నేటికిని వినబడుచున్నాడు. కర్క్‌పాట్రిక్కు హష్మత్ జంగ్ అయ్యెను. ఈ పేర్లన్నిటను ఒక సామాన్య లక్షణము కలదు. వెనుకటి పేరు పోలేదు. దానిమీద క్రొత్తది వచ్చి చేరినది. ఇబ్రహీము మల్కిభరాముడైనంత మాత్రమున కుతుబుషా కాకపోలేదు.

ఇంగ్లండులో జరిగినది వేరు. పిల్లలు లండను చేరిన తరువాత, 1806 మార్చిలో మేరీలెబోన్ చర్చిలో వారికి క్రైస్తవ దీక్ష నిచ్చి, సాహిబ్ ఆలమునకు విలియం జార్జి అనియు, సాహిబ్ బేగమునకు కేథరిన్ అరోరా అనియు పేరుపెట్టిరి. పాత పేర్లు పోయినవి. మా మిత్రుని గోడమీది పటము అడుగున అచ్చయినవి ఆ తరువాతి పేర్లు. చిత్రమున నిలిచిన దినమున ఆ పిల్లలలో ఎవ్వరికిని ఆ పేర్లు లేవు. దానిని విలియమని పిలుచుట, పటములోని బిడ్డను గాక, ఓడ దిగిన తరువాతి మరొక బిడ్డను పిలుచుటయే. రావిర్యాల పిల్లవాని ప్రశ్నలోని చిక్కు ఇదియని మాకు తరువాత స్ఫురించినది.

అయితే ఇందులో ఒక ప్రక్షమునకు తూగుట న్యాయము గాదు. పిల్లలకు దీక్ష నిప్పించిన తాత వారిని ప్రేమతోనే పెంచెను. హైదరాబాదు పక్షమున గూడ షరతు లేకపోలేదు. కర్క్‌పాట్రిక్కు ముసల్మాను గాకున్నచో ఆ వివాహము జరిగియుండదు. ఆదరించు ప్రతి యిల్లును గడపదగ్గర ఏదో యొకటి విడిచిరమ్మని యడుగును. హైదరాబాదు అడిగినది పెద్దవానిని, తెలిసి ఇచ్చెను. ఇంగ్లండు అడిగినది పసివారిని.

తరువాతి కథ క్లుప్తముగా చెప్పెదము. విలియం జార్జి 1812లో కాగుచున్న నీటి కాగులో పడి అంగవైకల్యము పొందెను. 1828లో మరణించెను. కిట్టీ యని పిలువబడిన చెల్లెలు, బంధువులైన స్ట్రాచీ, బుల్లరు కుటుంబముల నడుమ పెరిగినది. 1824లో అక్కడ చిన్న వయసు ఉపాధ్యాయుడైన థామస్ కార్లైలు ఆమెను చూచి ముగ్ధుడయ్యెను. 1833–34లో అతడు ప్రకటించిన సార్టర్ రిసార్టస్ గ్రంథములోని బ్లుమీన్ అను పాత్రకు ఆమెయే మూలమని పలువురి మతము. వేరొక స్త్రీ యని కొందరి మతము. ఆమె 1829లో ఫిలిప్స్ అను సైనికాధికారిని వివాహమాడి, 1889లో టార్కీ పట్టణమున మరణించెను.

హైదరాబాదున మిగిలిన తల్లి సంగతి అంతకంటె దుఃఖకరము. భర్త మరణానంతరము ఖైరున్నిసా అతని సమాధిని దర్శింప కలకత్తాకు పోయినది. రెసిడెన్సీలో భర్తకు సహాయకుడై యుండిన హెన్రీ రస్సెలు అచ్చట ఆమెకు చేరువయ్యెను; పిమ్మట విడిచి మరియొకతెను పెండ్లాడెను. మీర్ ఆలం ఆమెను నగరమునకు రానీయకుండుటచే మచిలీపట్టణమున కొంతకాలము ప్రవాసమున గడిపినది. కడపట హైదరాబాదునకు తిరిగివచ్చి, 1813 సెప్టెంబరులో, ఇరువది యేడేండ్ల ప్రాయమున కన్నుమూసినది.

పటము మాత్రము రస్సెలు చేతికి వచ్చి, ఇంగ్లండులో స్వాలోఫీల్డు అను అతని పల్లెటింటికి చేరినది. 1841 ప్రాంతమున కిట్టీ ఆ యింటికి పోవుట తటస్థించి, గోడమీద తన్ను తాను చూచుకొనెను. ఏడ్చినదని వినియున్నాము. అప్పటి కామెకు నలువదేండ్లు. పటములోని బిడ్డకు మూడేండ్లు. తాను విడిచివచ్చిన దేశమునకు ఆమెకు మిగిలిన సాక్ష్యము ఆ పటమొక్కటియే. ఈ సంఘటన తరువాతనే, హైదరాబాదు రెసిడెన్సీలోని డంకన్ మాల్కం అను అధికారి ద్వారా, అమ్మమ్మ షరఫున్నిసా ఇంకను జీవించియున్నదని ఆమె తెలిసికొన్నది. ముప్పదియైదేండ్ల మౌనము తరువాత ఉత్తరములు నడచినవి. అమ్మమ్మ పారశీకమున వ్రాయును, మనుమరాలు ఆంగ్లమున వ్రాయును. నడుమ నొకరు తర్జుమా చేయుదురు. తల్లి వెండ్రుకలను అమ్మమ్మ పంపినది. చిన్ననాటి భాష ఆమెకు మిగులలేదు గాని, బయలుదేరిన దినమున జరిగిన యేడ్పు మిగిలినది. మిశ్రమ వంశజుల స్వత్వమును గూర్చి వ్రాయు పండితులు రక్తమును గూర్చియు, రంగును గూర్చియు విస్తరింతురు. ఈ స్త్రీ విషయమున పోయినది రక్తము గాదు, మాట. అమ్మమ్మకు ఉత్తరము వ్రాయుటకు దుబాసి కావలసివచ్చుట కంటె పరాయితనమేమి కలదు?

షరఫున్నిసా 1847లో మరణించినది. అమ్మమ్మ మనుమరాండ్రు ఒకరి నొకరు చూడనేలేదు. రస్సెలు 1852లో మరణించుచు, పటమును కిట్టీకి చెందునట్లు మరణశాసనమున వ్రాసెను. అతని జీవితములో న్యాయముగా చేసిన పనులలో ఇది యొకటి యనవచ్చును.

చిన్నరీ మద్రాసునుండి కలకత్తాకు, అచ్చటినుండి 1825లో అప్పుల బాధకు వెరచి చీనా తీరపు మకావునకు పోయి, రస్సెలు మరణించిన యేటనే, 1852లో మరణించెను. అతనికిని కలకత్తాలో వివాహేతరముగా కలిగిన కుమారు లిరువురు కలరు. హైదరాబాదు పిల్లల పటము ఇప్పుడు మకావునకు ఎదుట నున్న హాంకాంగులో ఒక పెద్ద బ్యాంకు సేకరణలో నున్నది. పిల్లలు ఒకదిక్కున, చిత్రకారుడు ఒకదిక్కున పోగా, పటము చిత్రకారుని వెంటబోయినదన్నమాట.

కర్క్‌పాట్రిక్కు 1803లో కట్టనారంభించిన రెసిడెన్సీ భవనము కోఠీలో నిలిచియున్నది. మద్రాసు ఇంజనీరు శామ్యూల్ రస్సెలు దానికి రూపశిల్పి, వ్యయము నిజాముది. ముందువైపు గ్రీకుల స్తంభములు, వెనుకవైపు ఖైరున్నిసాకై కట్టిన రంగమహలు. 1949 నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ మహిళా కళాశాల అచ్చట నడచినది. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైనది. తరువాత చాకలి ఐలమ్మ పేరు పెట్టబడినది. ప్రధాన భవనమునకు ఇటీవల జీర్ణోద్ధరణ జరిగినది. రంగమహలు 1860లోనే కూల్చివేయబడినది. తోటలో మాత్రము భవనమునకు చిన్న నమూనా యొకటి మిగిలియుండెను. పరదా దాటి తిరుగలేని భార్యకు ఇల్లంతయు చూపుటకై కర్క్‌పాట్రిక్కు దానిని కట్టించెనని ఐతిహ్యము. ఐతిహ్యమును ఐతిహ్యముగనే గ్రహింపవలెను. కాని స్తంభముల మేడ నిలిచి రంగమహలు పోవుట ఐతిహ్యము గాదు. తండ్రి పక్షపు కట్టడము మిగిలినది, తల్లి పక్షపుది పోయినది. పటమునకు జరిగినదే భవనమునకును జరిగినది.

పరిశోధక విద్యార్థుల కొక మాట. కర్క్‌పాట్రిక్కు లేఖలు బ్రిటిషు లైబ్రరీలోను, రస్సెలు లేఖలు ఆక్స్‌ఫర్డులోని బోడ్లియనులోను కలవు. వీనిని ఆంగ్లము తెలిసినవారు చదివిరి, పారశీకము తెలిసినవారు కొంత చదివిరి. రెసిడెన్సీ అంతఃపురపు దాదులు, దర్జీలు, తోటమాలులు మొదలైనవారి దృష్టితో వానిని మరల చదువవలసియున్నది. ఆ పిల్లలను ఎత్తి పెంచిన చేతులు ఎవరివో అందు వెదకవలెను.

ఈ వ్యాసమును ముగించుటకు ముందు మరల రావిర్యాలకు పోతిమి. పిల్లవాడు తన దేశమునకు వెళ్లిపోయెను. మిత్రుడు పటమును దించి, అచ్చుపేర్లను కొట్టివేయక, వానిపైన పెన్సిలుతో తెలుగులిపిని సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం అని వ్రాసియుంచిరి. వానిక్రింద తన మనుమని రెండు పేర్లును వ్రాసిరి. ఒకటి వారి యింటి పేరుతో కూడినది, మరియొకటి తండ్రి దేశపుది. "మల్లొచ్చినప్పుడు వాడే చదువుకుంటడు" అని చెప్పి, పటమును మరల మేకునకు తగిలించిరి.